తెలుగు సమాజంపై సామాజిక మాధ్యమాల ప్రభావం

సామాజిక మాధ్యమాలు అనగా అంతర్జాలం ద్వారా వ్యక్తులు తమలో తాము వార్తలను, అభిప్రాయాలను, ఛాయాచిత్రాలను, వీడియోలను పంచుకొనుటకు ఉపయోగించే సాధనాలు. ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (2023 వరకు దీని పేరు ట్విట్టర్) వీటిలో ముఖ్యమైనవి. పత్రిక, రేడియో, దూరదర్శన్ వంటి పాత మాధ్యమాలలో చెప్పేవారు కొందరు, వినేవారు అనేకులు. సామాజిక మాధ్యమాలలో ప్రతి పాఠకుడూ రచయిత కాగలడు, ప్రతి శ్రోతా వార్తాహరుడు కాగలడు. ఈ ఒక్క భేదం వలన పండుగ, పెళ్ళి, చావు, అప్పు, వదంతి వంటి నిత్య జీవిత విషయాలన్నిటిలోను మార్పు వచ్చింది. ఈ వ్యాసం ఆ మార్పును తెలుగు సమాజానికి, ముఖ్యంగా హైదరాబాదు శివారులోని బాలాపూర్ పరిసరాలకు సంబంధించిన ఉదాహరణలతో వివరిస్తుంది.

చరిత్ర

తెలుగువారి అంతర్జాల జీవితం ప్రవాసంలో మొదలైంది. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు యూజ్‌నెట్ చర్చావేదికలలో రోమను లిపిలో తెలుగు వ్రాసుకొనేవారు. 1998 దీపావళికి "ఈమాట" అంతర్జాల పత్రిక వెలువడింది. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించినా, సామాన్యుని కంప్యూటరులో అక్షరాలు సరిగా కనబడటానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైంది. "లేఖిని" వంటి ఉపకరణాల వలన ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు వ్రాయటం సులభమైంది.

2004 జనవరిలో వచ్చిన ఆర్కుట్ భారతదేశంలో యువతను మొదట ఆకర్షించిన సామాజిక మాధ్యమం. ఫేస్‌బుక్ వ్యాప్తితో దాని ఆదరణ తగ్గి, 2014 సెప్టెంబరు 30న మూతపడింది. 2009లో మొదలైన వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ సంస్థ కొనుగోలు చేసింది.

అసలైన మలుపు 2016 సెప్టెంబరు 5న జియో 4జీ సేవలతో వచ్చింది. తొలి నెలలలో ఉచితంగా లభించిన డేటా, తరువాత సంస్థల మధ్య పోటీ వలన చౌకగా అందింది. అంతవరకు చదువుకున్నవారికి, నగరవాసులకు పరిమితమైన అంతర్జాలం రైతు కూలీలకు, ఆటో డ్రైవర్లకు, గృహిణులకు అందుబాటులోకి వచ్చింది. వ్రాయటం రానివారు సైతం మాటను రికార్డు చేసి పంపటం, వీడియో చూడటం నేర్చుకున్నారు. అక్షరాస్యతతో సంబంధం లేకుండా ఇంత వేగంగా వ్యాపించిన సమాచార సాధనం తెలుగునాట ఇంతకుముందు రేడియో, సినిమా మాత్రమే.

కుటుంబ సంబంధాలు

తెలుగు ఇళ్ళలో శుభలేఖ నాలుగు మూలల పసుపు పూసి, ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవటం ఆచారం. దగ్గరి బంధువులను ఈ విధంగా పిలవకపోతే అది నొచ్చుకోవలసిన విషయమే. ఇప్పుడు శుభలేఖ చిత్రంగానో, చిన్న వీడియోగానో ఫోనుకు వస్తుంది. పిలుపు అందుకొనేవారి సంఖ్య పెరిగింది. పిలుపు బరువు తగ్గింది. చాలా కుటుంబాలు ఈ రెండింటినీ కలిపి పాటిస్తున్నాయి: అందరికీ వాట్సాప్ పిలుపు, పెద్దలకు మాత్రం ఇంటికి వెళ్ళి బొట్టు. మరణ వార్త విషయంలో ఈ వేగం మేలు చేసింది. ఒకప్పుడు తంతి అందిన తరువాత బయలుదేరిన బంధువు అంత్యక్రియలు ముగిసిన పిమ్మట చేరేవాడు. ఇప్పుడు రాలేనివారు దూరదేశం నుండి వీడియోలోనే కడసారి చూపు చూస్తున్నారు.

2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు మారింది. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికులకు, అమెరికా వెళ్ళే విద్యార్థులకు వీడ్కోలు స్థలం ఇదే. పూర్వం వలస వెళ్ళినవారి క్షేమం ఉత్తరాల ద్వారా, ఐఎస్‌డీ బూతుల ద్వారా తెలిసేది. నిమిషానికి అయ్యే ఖర్చును బట్టి మాట పొదుపుగా ఉండేది. ఇప్పుడు వాట్సాప్, ఇమో వంటి వాటి వలన తండ్రి ఎడారి దేశం నుండి రోజూ పిల్లల ముఖం చూడగలుగుతున్నాడు. అయితే సంయుక్త అరబ్ ఎమిరేట్స్ వంటి దేశాలలో అంతర్జాల కాల్స్‌పై ఆంక్షలు ఉన్నందున అక్కడి కార్మికులు అనుమతి పొందిన యాప్‌లను ఆశ్రయించవలసి వస్తుంది. ఎడబాటు తొలగలేదు గాని, దాని స్వభావం మారింది.

పండుగలు: బాలాపూర్ లడ్డూ

బాలాపూర్ రంగారెడ్డి జిల్లాలో హైదరాబాదుకు ఆగ్నేయంగా, చాంద్రాయణగుట్టకు సమీపంలో ఉంది. ఒకప్పటి ఈ వ్యవసాయ గ్రామం నేడు నగరంలో కలిసిపోయింది. ఇక్కడి గణేశుని చేతిలో ఉంచే 21 కిలోల లడ్డూను నిమజ్జనం రోజు ఉదయం గ్రామ బొడ్రాయి వద్ద వేలం వేస్తారు. అనంతరం విగ్రహం శోభాయాత్రగా చార్మినార్, మొజంజాహి మార్కెట్ల మీదుగా హుస్సేన్ సాగర్ చేరుతుంది. లడ్డూ ప్రసాదాన్ని పొలంలో చల్లితే పంట బాగా పండుతుందని, ఇంట సిరి నిలుస్తుందని స్థానికుల నమ్మకం. వేలం ద్వారా వచ్చిన సొమ్మును గ్రామాభివృద్ధికి, ఆలయాలకు వినియోగించటం ఆనవాయితీ. వేలం ధరలు కొన్ని:

1994 – 450 రూపాయలు (మొదటి వేలం)
1995 – 4,500 రూపాయలు
2015 – 10.32 లక్షలు
2019 – 17.60 లక్షలు
2020 – కోవిడ్ కారణంగా వేలం జరగలేదు. లడ్డూను ముఖ్యమంత్రికి అందజేశారు
2021 – 18.90 లక్షలు
2022 – 24.60 లక్షలు
2023 – 27 లక్షలు
2024 – 30.01 లక్షలు
2025 – 35 లక్షలు

ఈ పెరుగుదలకు ఒకే కారణం చెప్పటం సరికాదు. నగర విస్తరణతో భూముల విలువ పెరగటం, స్థిరాస్తి వ్యాపారం ద్వారా కొందరి చేతికి ధనం రావటం ముఖ్య కారణాలు. వాటికి ప్రచారం తోడైంది. మొదట వేలం చూసినవారు గ్రామస్థులే. తరువాత వార్తా చానెళ్ళు ప్రత్యక్ష ప్రసారం చేయసాగాయి. ఇప్పుడు వేలం ముగిసిన క్షణాలలోనే విజేత పేరు, ధర, వీడియో రెండు తెలుగు రాష్ట్రాలలోను, విదేశాలలోను ఫోన్ల మీద కనబడతాయి. వేలంలో గెలవటం పుణ్యంతో పాటు పేరు తెచ్చే పని అయింది.

బాలాపూర్ కీర్తి విని ఇతర చోట్ల కూడా లడ్డూ వేలాలు మొదలైనాయి. బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో 2024లో 1.87 కోట్లు, 2025లో 2.32 కోట్లు ధర పలికింది. ధరలో బాలాపూర్‌ను ఇవి మించిపోయినా, ప్రతి ఏటా జనం ముందుగా ఎదురుచూసేది బాలాపూర్ ధర కోసమే.

వదంతులు, హింస

సామాజిక మాధ్యమాల వలన కలిగిన హానిలో తీవ్రమైనది వదంతుల వ్యాప్తి. 2018లో దేశంలోని పలు రాష్ట్రాలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో సందేశాలు వ్యాపించాయి. తెలుగునాట ఇవి "పార్థీ ముఠా" పేరుతో ప్రచారమైనాయి. ఆ కాలంలో విస్తృతంగా తిరిగిన వీడియోలలో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి అవగాహన కోసం తీసిన లఘుచిత్రం. అందులో చివర వచ్చే సందేశాన్ని తొలగించటంతో అది నిజమైన అపహరణ వలె కనబడింది.

2018 మే 26 రాత్రి చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో ఒక గుంపు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై దాడి చేసింది. ఒకరు మరణించారు, ఇతరులు గాయపడ్డారు. వారు రంజాన్ మాసంలో యాచనకై నగరానికి వచ్చినవారు. ఊరికి కొత్తవారిని ఆదరించి అన్నం పెట్టటం పల్లెలలో మర్యాద. వదంతి వ్యాపించిన ఆ వారాలలో కొత్త ముఖమే నేరమైంది.

ఇందుకు భిన్నమైన అనుభవం జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో కనబడింది. అప్పటి పోలీసు సూపరింటెండెంట్ రెమా రాజేశ్వరి ఒక్కొక్క గ్రామానికి ఒక పోలీసును బాధ్యునిగా నియమించారు. జనం భయంతో త్వరగా తలుపులు మూసుకొంటున్నారని, ఆరుబయట పడుకోవటం మానివేశారని వారి ద్వారా తెలిసింది. అప్పుడు సుమారు 400 గ్రామాలలో ప్రచారం చేపట్టారు. డప్పుతో చాటింపు వేయించారు, జానపద బాణీలలో పాటలు కట్టించి పాడించారు, గ్రామ వాట్సాప్ గ్రూపులలో పోలీసులు చేరారు. ఆ గ్రామాలలో ఈ వదంతుల వలన ఒక్క ప్రాణం కూడా పోలేదు. కొత్త సాధనం పుట్టించిన భయాన్ని తొలగించటానికి పాత సాధనమైన డప్పు ఉపయోగపడటం ఇందులోని విశేషం. సందేశం ఎవరు పంపారో తెలియనప్పుడు, ఎదుట నిలబడి చెప్పే తెలిసిన మనిషి మాటకే జనం విలువ ఇచ్చారు.

2018 జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా పరిమితి విధించింది. అదే నెల 17న సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రభుత్వాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో, అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చోటికే పంపగలిగేటట్లు వాట్సాప్ మరల మార్పు చేసింది.

శరణార్థులు

బాలాపూర్ పరిసరాలలో మయన్మార్ నుండి వచ్చిన రోహింగ్యా శరణార్థుల నివాసాలు ఉన్నాయి. మయన్మార్‌లో రోహింగ్యాలపై ద్వేషం రెచ్చగొట్టటానికి ఫేస్‌బుక్‌ను వాడుకున్నారని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో తెలిపింది. తమ వేదిక దుర్వినియోగాన్ని అరికట్టుటకు తగినంత కృషి చేయలేదని ఆ ఏడాది నవంబరులో ఫేస్‌బుక్ సంస్థ అంగీకరించింది. బంగ్లాదేశ్ శిబిరాలలోను, ఇతర దేశాలలోను చెదిరిపోయిన ఇటువంటి కుటుంబాలను నేడు కలిపి ఉంచుతున్నది కూడా చేతి ఫోనే. ఒకే సాధనం ఇల్లు కూల్చటానికీ, చెదిరినవారిని కలపటానికీ ఉపయోగపడిందనుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు.

జీవనోపాధి, కళలు

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి నుండి 2012లో ప్రారంభమైన "మై విలేజ్ షో" యూట్యూబ్ చానెల్ తెలంగాణ పల్లె జీవితాన్ని, అక్కడి మాండలికాన్ని హాస్యంతో చూపి ప్రసిద్ధి పొందింది. అందులో నటించిన గంగవ్వ వ్యవసాయ కూలీ. ఆమె 2020లో "బిగ్ బాస్" తెలుగు నాల్గవ విడతలో పాల్గొన్నది. చాలాకాలం సినిమాలలో హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు పరిమితమైన తెలంగాణ యాసకు ఇటువంటి చానెళ్ళు గౌరవం తెచ్చాయి.

ఈ ఉపాధి స్థిరమైనది కాదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించినపుడు, దానిపై పేరు తెచ్చుకొన్న గ్రామీణ కళాకారులు ఒక్క రోజులో తమ ప్రేక్షకులను కోల్పోయారు.

విద్య

కోవిడ్ వలన పాఠశాలలు మూతపడగా, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా, అంతర్జాలం ద్వారా పాఠాలు మొదలైనాయి. ఒకే ఫోను ఉన్న ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటే ఎవరి పాఠం ముందన్న ప్రశ్న వచ్చింది. తండ్రి ఫోను తీసుకొని పనికి వెళితే పాఠం లేనట్లే. చేతికి వచ్చిన ఫోను పాఠశాలలు తెరిచిన తరువాత కూడా పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

అప్పు, పరువు

2020లో కొన్ని రుణ యాప్‌లు చిన్న మొత్తాలను అధిక వడ్డీకి ఇచ్చి, అప్పు తీసుకొన్నవారి ఫోనులోని నంబర్లన్నీ సేకరించాయి. గడువు దాటితే బంధుమిత్రులందరికీ అవమానకరమైన సందేశాలు పంపాయి. తెలంగాణలో ఆత్మహత్యలు జరుగగా, 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. పూర్వం అప్పులవాడు ఇంటి ముందు నిలబడితే వీధి వరకే తెలిసేది. ఈ పద్ధతిలో నిమిషాలలో బంధువర్గమంతటికీ తెలిసింది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు రుణ యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను, చిత్రాలను తీసుకొనరాదని నిర్దేశించాయి.

భాష

యూనికోడ్, ఫోన్లలోని తెలుగు కీబోర్డులు, మాటను అక్షరాలుగా మార్చే సాధనాలు తెలుగు వ్రాతను సులభం చేసాయి. అయినప్పటికీ రోమను లిపిలో తెలుగు వ్రాసే అలవాటు యువతలో బలంగా ఉంది. వారు తెలుగులో ఆలోచించి, తెలుగులో మాట్లాడి, ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తారు. గ్రూపు, స్టేటస్, ఫార్వర్డ్, డీపీ వంటి మాటలు నిత్య వ్యవహారంలో చేరాయి. అంతర్జాలం అనే పదం నిలబడింది. ఫేస్‌బుక్‌కు కొందరు వాడిన ముఖపుస్తకం అనే మాట సరదా ప్రయోగంగానే మిగిలిపోయింది.

చట్టాలు, రక్షణ

సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. అంతర్జాలంలో అభ్యంతరకర సందేశాలకు శిక్ష విధించే అందులోని 66ఎ సెక్షనును, అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మహిళలపై వేధింపుల నివారణకు 2014 అక్టోబరులో హైదరాబాదులో ఏర్పడిన షీ టీమ్స్ వాట్సాప్ ద్వారా కూడా ఫిర్యాదులు స్వీకరిస్తాయి. అంతర్జాల ఆర్థిక మోసాలకు గురైనవారు 1930 నంబరుకు ఫోను చేయవచ్చు. మోసం జరిగిన వెంటనే తెలిపితే సొమ్ము చేతులు మారక ముందే నిలుపుదల చేసే అవకాశం ఎక్కువ.

ఇవి కూడా చూడండి

బాలాపూర్
వినాయక చవితి
తెలుగు వికీపీడియా
యూనికోడ్
రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం