ఎవరి తాళంచెవులవి?

1940 డిసెంబర్ 29. ఆదివారం. లండన్ మండిపోతోంది.

సాయంత్రం ఆరు దాటిందో లేదో సైరన్లు కూశాయి. వెనకాలే జర్మన్ విమానాలు. ముందు రాలినవి నిప్పు బాంబులు. ఒక్కోటి జానెడున్నర పొడవు, కిలో బరువు. పెంకుల్ని చీల్చుకుని అటకల్లో దూరాయి. భగ్గుమన్నాయి. ఆదివారం కదా, ఆఫీసులకీ గోదాములకీ తాళాలు. నిప్పు ఆర్పాలంటే ముందు తలుపులు బద్దలుకొట్టాలి. తీరా లోపలికి వెళ్తే గొట్టాల్లో నీళ్లు లేవు. థేమ్స్‌లో చూస్తే ఆటు సమయం. నది అడుగంటి బురద తేలింది. ఆ మంటలకి తూర్పు అంచున, నది ఒడ్డునే, ఒక పాత కోట ఉంది.

టవర్ ఆఫ్ లండన్. ఎనిమిది వందల ఏళ్లు దాటిన రాయి. ఆ కోటలో, నెత్తిన విమానాలు రొద పెడుతుండగా, ఒక పెద్దాయన పొడవాటి ఎర్రకోటు తొడుక్కుని బయల్దేరాడు.

ఆయన చీఫ్ యోమన్ వార్డర్. కోట కాపలావాళ్లకి పెద్ద. చేతిలో తాళాలగుత్తి. బొడ్లో దోపుకునే గుత్తి కాదు, కోట తలుపుల ఇనప చెవులవి. రోజూ ఇంకో చేతిలో కొవ్వొత్తి లాంతరు ఉంటుంది, దారి కనబడాలి కాబట్టి. ఆ రాత్రి దారి చూపడానికి ఆకాశం చాలు. ఎర్రగా, పట్టపగల్లా ఉంది.

ట్రెయిటర్స్ గేట్ దగ్గర సైనికులు ఎదురుచూస్తున్నారు. ఒకప్పుడు రాజద్రోహులని పడవల్లో తెచ్చి దించిన నీటి వాకిలి అది. పెద్దాయన వచ్చాడు. సైనికులు చుట్టూ నిలిచారు. బూట్లు ఒక్కసారి టప్పుమన్నాయి. నడక మొదలైంది.

ఇంతకీ ఏం కాపాడుతున్నారు? కిరీటాలా? అవి అక్కడ లేవు. యుద్ధం కారణంగా విండ్సర్ కోటకి తరలించేశారు. మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు పొదిగిన కిరీటం ఉండాల్సిన కోటలో, ఆ రాత్రి ఖజానా ఖాళీ. కానీ గోడల వెనక మనుషులున్నారు. వార్డర్లు పెళ్లాంబిడ్డలతో కాపురముండేది ఆ కోటలోనే. ఎండిన కందకంలో కూరగాయలు పండించుకుంటున్నారు. అక్టోబర్ 5న ఉత్తరపు బురుజు మీద బాంబు పడి వాళ్లలో ఒక వార్డర్ పోయాడు. మూడు నెలలు కూడా నిండలేదు. ఆ ఇళ్ల వాకిలికి వేసే తాళం ఇది.

బయటి ద్వారం మూశారు. గుత్తిలోంచి ఒక చెవి తాళంలో దిగింది. కిర్రుమంది. తరవాత మిడిల్ టవర్ ఓక్ తలుపులు. తరవాత బైవర్డ్ టవర్. మూడూ పడ్డాయి. ఇక మిగిలింది తిరుగుదారి. కోట గోడల మధ్య సన్నటి సందు, కమ్ముకున్న పొగ, గాల్లో కాలిన చెక్కల వాసన. ఆ సందు చివర బ్లడీ టవర్ కమాను కింద చీకట్లోంచి ఒక తుపాకీ పైకి లేచింది.

"ఆగు! ఎవరక్కడ?"

"తాళంచెవులు."

"ఎవరి తాళంచెవులు?"

"జార్జి రాజుగారి తాళంచెవులు."

"జార్జి రాజుగారి తాళంచెవులూ, సాగిపొండి. అంతా క్షేమం."

రాత్రి రాత్రికీ ఇవే మాటలు. మారేది రాజుగారి పేరొక్కటే. తుపాకీ దిగింది. పెద్దాయన కమాను కిందికి అడుగేశాడు. సైనికులు వెంట నడిచారు. అప్పుడు పడ్డాయి బాంబులు.

పడ్డది కమాను మీద కాదు. ఆవలనున్న గార్డు భవనం మీద. విక్టోరియా రాణి కాలం నాటి ఆ కట్టడం మీద పడ్డ బాంబుల అదురుకి గాలే గోడలా కదిలొచ్చి కమానులో దూరి, నడుస్తున్న వాళ్లని నడుస్తున్నట్టే ఎత్తి, ఎర్రకోటు పెద్దాయన్నీ తుపాకుల సైనికుల్నీ ఒకరి మీద ఒకర్ని రాతినేల మీద పడేసింది. దుమ్ము. చెవుల్లో హోరు.

ఆరు వందల ఏళ్ల కిందట ఇదే కోటకి ఒక రాజు చెప్పాపెట్టకుండా వచ్చాడు. 1340 నవంబర్ ఆఖరి రాత్రి. మూడో ఎడ్వర్డ్. వచ్చి చూస్తే కాపలా లేదు. అడ్డుకునే నాథుడు లేడు. మండిపోయిన రాజు కోటాధికారిని జైల్లో తోయించాడు. పొద్దు గుంకితే తలుపు పడాలి, పొద్దు పొడిస్తేనే తియ్యాలి అన్నాడు. ఈ నడక అప్పుడు మొదలైందంటారు. 1826లో కోటాధికారిగా వచ్చిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ దానికి రాత్రి పది గంటల వేళ ఖాయం చేశాడు. ఈ వందల ఏళ్లలో ప్లేగు వచ్చింది. లండన్ ఒకసారి తగలబడింది. నడక ఆగలేదంటారు. ఇప్పుడు ఆ నడక నడిచే మనుషులు నేల మీద పడి ఉన్నారు.

దుమ్ములో ఒక ఆకారం కదిలింది.

పెద్దాయన లేచాడు. సైనికులు లేచారు. కోట్లు దులుపుకున్నారు. ఎదురుగా గార్డు భవనం మండుతోంది. ఆ మంట చూస్తే ఎవరైనా పరుగెత్తాలి. అటో ఇటో. వాళ్లు పరుగెత్తలేదు. మళ్లీ వరస కట్టారు. మళ్లీ బూట్ల చప్పుడు. కమాను అవతలి మెట్ల దాకా అదే నడక.

మెట్ల దగ్గర జరగాల్సింది జరిగింది. సైనికులు తుపాకులెత్తి వందనం చేస్తారు. పెద్దాయన రెండడుగులు ముందుకేసి టోపీ పైకెత్తుతాడు. "జార్జి రాజుగారిని దేవుడు కాపాడుగాక!" అంటాడు. అందరూ "ఆమెన్" అంటారు. బ్యూగిల్ మోగుతుంది. తాళాలగుత్తి కోటలోనే ఉన్న రాజుగారి ఇంటికి చేరుతుంది. కోట పడుకుంటుంది.

కోట పడుకుంది. కానీ కాపలా దళం అధికారికి ఒక పని మిగిలింది. వేళ తప్పింది. ఏ వేళకి జరగాల్సిన పని ఆ వేళకి జరగలేదు. ఊరంతా తగలబడుతున్నా సరే, దళం ఆయనది, జవాబుదారీ ఆయనది. ఆయన కాగితం తీశాడు. ఆరో జార్జి రాజుగారికి ఉత్తరం రాశాడు. తాళాల నడక ఆలస్యమైంది, క్షమించండి అని.

ఇక రాజుగారు ఏమంటారో.

జవాబొచ్చింది. ఆ అధికారిని శిక్షించొద్దు, ఆలస్యం శత్రువు దాడి వల్ల జరిగింది అని.

ఆ రెండు ఉత్తరాలూ ఇప్పటికీ టవర్‌లోనే ఉన్నాయి. ఈ రాత్రి కూడా, తొమ్మిది గంటల యాభై మూడు నిమిషాలకి, ఎర్రకోటు వేసుకున్న ఒకరు లాంతరుతో, తాళాలగుత్తితో బయల్దేరతారు. కమాను కింద ఒక తుపాకీ పైకి లేస్తుంది. ఎవరి తాళంచెవులని అడుగుతుంది. ఇప్పుడు చెప్పే పేరు ఛార్లెస్.