మూర్ఛ మందు నొప్పికెలా వచ్చింది?

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు దగ్గరలోని కిష్టారెడ్డిపేటలో ఒక కార్మికుడిని ఊహించుకోండి. ఏళ్ల తరబడి డ్రమ్ములు ఎత్తి నడుము దెబ్బతిన్నది. నొప్పి కాలిలోకి దిగుతోంది. డాక్టరు గాబాపెంటిన్ రాశారు. మూడు వారాలు వాడాక కొడుకు ఫోనులో చూసి "నాన్నా, ఇది ఫిట్స్ మందట" అన్నాడు. ఆ రాత్రే మాత్రలు అటకెక్కాయి. ఆ కార్మికుడి అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు వైద్యశాస్త్రంలో కొంత, చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది.

ముందుగా ఒక పదం తెలుసుకుందాం. నియంత్రణ సంస్థ ఏ మందునైనా ఫలానా జబ్బుకని అనుమతిస్తుంది. ఆ జబ్బు పేరే మందు వివరపత్రంలో అచ్చవుతుంది. డాక్టరు ఆ మందును మరో జబ్బుకు రాస్తే దాన్ని 'ఆఫ్-లేబుల్' వాడకం అంటారు. మందు అసలైనదే, కల్తీదేమీ కాదు. కాని ఆ జబ్బుకు అది పనిచేస్తుందన్న రుజువును నియంత్రణ సంస్థ పరిశీలించి ఆమోదించి ఉండదు. ఈ రెండు సంగతులనూ కలిపి గుర్తుంచుకోండి.

తీవ్రమైన నొప్పికి చిరకాలంగా వాడుతున్నది నల్లమందు నుంచి తీసే మార్ఫిన్. అది, దాని కోవకు చెందిన మందులు కలిపి ఓపియాయిడ్లు. ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేసి వైద్యానికి నల్లమందు సేకరించే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ఈ సాగు ఉంది. అయినా మన రోగులకే మార్ఫిన్ కరువైంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) అనేక నేరాలకు కనీసం 10 ఏళ్ల కఠిన శిక్ష విధించింది. మార్ఫిన్ కొనడానికి, నిల్వ చేయడానికి, రవాణా చేయడానికి వేర్వేరు లైసెన్సులు కావలసి వచ్చాయి. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకదాని గడువు తీరేది. ఆసుపత్రులు, మందుల షాపులు ఈ తలనొప్పి ఎందుకని మార్ఫిన్ పెట్టడమే మానుకున్నాయి. 1985తో పోలిస్తే 1997 నాటికి దేశంలో మార్ఫిన్ వినియోగం 97 శాతం తగ్గి ఏడాదికి 18 కిలోలకు పడిపోయింది. ఇంత పెద్ద దేశానికి 18 కిలోలు! మత్తును అరికట్టబోయి ఈ చట్టం క్యాన్సర్ రోగిని శిక్షించిందని చెప్పక తప్పదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన వైద్య విభాగం వంటివి ఈ లోటును కొంతైనా పూడ్చాయి. 2014 సవరణతో లైసెన్సుల చిక్కు సడలింది.

అయితే మన కార్మికుడిది క్యాన్సర్ నొప్పి కాదు. ఏళ్లపాటు సాగే ఇలాంటి నొప్పులకు ఓపియాయిడ్లు ధారాళంగా రాస్తే ఏమవుతుందో, 1996లో ఆక్సీకాంటిన్ మార్కెట్లోకి వచ్చాక అమెరికా చూసింది. మన దేశంలో ట్రమడాల్‌ను కూడా 2018లో ఎన్‌డీపీఎస్ పరిధిలోకి తెచ్చారు. మరి డాక్టరు చేతిలో మిగిలినవేమిటి?

నిజానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి సూచించిన మూడు మెట్ల నిచ్చెనలోనే 'సహాయక మందుల'కు చోటుంది. వాటిలో ఎక్కువ భాగం వేరే జబ్బుల కోసం పుట్టినవి. అమిట్రిప్టిలిన్ 1961లో అమెరికాలో మానసిక కుంగుబాటుకు అనుమతి పొందింది. తక్కువ మోతాదులో అది నరాల నొప్పిని తగ్గిస్తుందని వైద్యులు తరవాత గమనించారు. గాబాపెంటిన్‌కు 1993 చివరలో మూర్ఛకు అనుమతి వచ్చింది. సర్పి తగ్గాక మిగిలే నొప్పికి 2002లో గాని రాలేదు. ఈ మధ్యకాలంలో దాని అమ్మకాలు ఆకాశానికంటాయి. అందులో వైద్యుల అనుభవం ఒక్కటే లేదు. ఆమోదం లేని ఉపయోగాలకు కంపెనీయే ప్రచారం చేసింది. సంస్థలో పనిచేసిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త 1996లో కోర్టుకెక్కగా, 2004లో వార్నర్-లాంబర్ట్ నేరం ఒప్పుకుంది. నేరశిక్ష, పరిహారాలు కలిపి 43 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. గమనించండి: డాక్టరు ఆఫ్-లేబుల్‌గా రాయడం అక్కడ నేరం కాదు, కంపెనీ అలా ప్రచారం చేయడమే నేరం.

ఈ మందు మన ఊరి షాపుదాకా చవకగా రావడం వెనుక మరో కథ ఉంది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్‌లో నెలకొల్పిన కర్మాగారం ఎందరో రసాయన నిపుణులను తయారుచేసింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో సొంత సంస్థ పెట్టారు. 1972లో అమలులోకి వచ్చిన పేటెంట్ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది. పద్ధతి మార్చగలిగినవారికి మందు చేసే దారి దొరికింది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్లల బల్క్ డ్రగ్ పరిశ్రమ ఆ దారిలోనే పెరిగింది. నొప్పి మందు నాప్రోక్సెన్, గాబాపెంటిన్ ముడిమందుల తయారీలో ప్రపంచంలో ముందున్న దివీస్ తొలి కర్మాగారం హైదరాబాదుకు తూర్పున చౌటుప్పల్‌లో ఉంది.

చవకగా దొరకడం వేరు, పనిచేయడం వేరు. గాబాపెంటిన్‌కు దగ్గరి బంధువైన ప్రీగాబాలిన్‌ను సయాటికా నొప్పికి ఆస్ట్రేలియాలో 209 మందిపై పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగ్గా పనిచేయలేదని, తలతిరుగుడు ఎక్కువైందని 2017లో తేలింది. మధుమేహం వల్ల వచ్చే నరాల నొప్పిలో ఈ మందులకు మెరుగైన ఆధారాలున్నాయి. అంటే మన కార్మికుడి కాలినొప్పికి ఆ చీటీ సరైనదేనా అన్నది అడగదగిన ప్రశ్నే. కాని కొన్ని వారాలు వాడిన గాబాపెంటిన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు, మోతాదు మెల్లగా తగ్గించాలి. మత్తు కలిగించే మందులతోనో, కల్లు, సారాతోనో కలిస్తే అది ఊపిరిని మందగింపజేయవచ్చు. ఈ రెండు సంగతులూ అతనికి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

అభ్యాసం: మీ ఇంట్లోని పాత మందుల చీటీ ఒకటి తీయండి. అందులోని ఒక మందు మొదట ఏ జబ్బుకు, ఏ సంవత్సరంలో అనుమతి పొందిందో, మీ ఇంటివారికి దేనికి రాశారో తెలుసుకుని ఒక పేజీ రాయండి. మందు ఆపాలనిపిస్తే ముందు రాసిన డాక్టరును అడగండి.