ముంగిట్లో బడి, మట్టి బొమ్మలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, పెన్షన్ లెక్కలు తప్ప నాకేమి తెలుసునండీ అన్నాను. తీరా ఇంటికి వచ్చాక ఒక మాట గుర్తుకు వచ్చింది. అంగన్‌వాడీ. శిశు సంక్షేమం సీటులో పనిచేసిన ఏళ్ళలో ఆ మాటను ఫైళ్ళ మీద కొన్ని వేలసార్లు వ్రాసి ఉంటాను. అది ఎక్కడి మాటో, ఎందుకు పుట్టిందో రిటైరయ్యాకనే చదివి తెలుసుకున్నాను. ముందే తెలిసి ఉంటే ఒక నోటు వ్రాసేవాణ్ణి కాదు. ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను.

వకీలు వృత్తి విడిచిపెట్టిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో పసిపిల్లలకు బాలమందిరం ప్రారంభించారు. తారాబాయి మోడక్ ఆయనతో కలిసి పనిచేశారు. 1926లో నూతన బాల శిక్షణ సంఘం ఏర్పడింది. వారికి మాంటిసోరి పద్ధతి ఆధారం. అయితే దానికి కావలసిన చెక్క సామగ్రి ఖరీదైనది. పట్నంలో కలిగినవారి పిల్లలకైతే సరే, పల్లెల మాటేమిటి? తారాబాయిగారికి ఈ ప్రశ్న పట్టుకున్నది. 1945లో, యాభై మూడేళ్ళ వయస్సులో (మనం సర్వీసు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టే వయస్సు!) ఆమె బొంబాయికి ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న బోర్డి గ్రామానికి వెళ్ళారు. బాల్యంలోనే వైధవ్యం పొంది, పట్టుదలతో చదువుకున్న అనుతాయి వాఘ్ ఆమెకు తోడుగా చేరారు.

బడి పెట్టారు గాని పేదల పిల్లలు రాలేదు. తల్లిదండ్రులు కూలికి పోతే పెద్దపిల్ల చంటిదాన్ని ఎత్తుకోవాలి, పిల్లవాడు పశువుల వెంట పోవాలి. మరి వారు రాకపోతే ఏం చేయాలి? బడినే వారి గుడిసెల ముంగిటికి తీసుకుపోయారు. అంగణమంటే మన ముంగిలే కదా. అక్కడ చెట్టు నీడన జరిగినదే అంగణ బాల్‌వాడీ. సముద్రపు గవ్వలు, గింజలు, గులకరాళ్ళు, ఆకులు, మట్టి, ఇవే లెక్కలకు, ఆటలకు సామగ్రి. తర్వాత కోస్‌బాడ్ కొండకు మారినప్పుడు, పశువులు మేపే వార్లీ పిల్లల కోసం పచ్చికబయళ్ళలోనే బడి నడిపారు.

ఇవన్నీ చదువుతుంటే నా చిన్నతనమే కళ్ళముందు నిలిచింది. ముంజెలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలు రెండు పుల్లకు గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్ళం. ఆ బండి ఉదయం బస్సు, మధ్యాహ్నం దేవుడి రథం, సాయంత్రం ధాన్యపు బండి. మా అక్కయ్యలు కొబ్బరిచిప్పల్లో ఇసుక పోసి గుజ్జనగూళ్ళు వండి వడ్డిస్తే, ఉప్పు చాలలేదని అలిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. కొనిపెట్టే బొమ్మ అంటే తిరునాళ్ళకు ఒకటి, అదీ నాన్నగారి చేతిలో డబ్బు ఆడితేనే.

తారాబాయిగారు 1973లో కాలం చేశారు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. కేంద్రాలకు ఆమె ముంగిలి పేరే వచ్చింది. పేరుతోపాటు మన స్టాకు రిజిస్టర్లు కూడా వచ్చాయి.

ఇక నా నోటు సంగతి. 1980లలో కేంద్రాలకు ప్లాస్టిక్, చెక్క బొమ్మల పెట్టెలు సరఫరా అయ్యాయి. ఒక పల్లెలో కార్యకర్త వాటిని పిల్లల చేతికి ఇచ్చింది. పిల్లలు ఆడారు, మూడు విరిగాయి. ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఆమె గౌరవ వేతనం నుంచి మూడు వాయిదాలలో రికవరీ చేయవచ్చునని నోటు పెట్టింది నేనే. నిబంధన ప్రకారం అందులో తప్పు లేదు. ఆఫీసరుగారు సంతకం చేశారు.

తర్వాత తనిఖీకి ఆఫీసరుగారి వెంట అదే పల్లెకు వెళ్ళాను. ట్రంకుపెట్టె తాళం తీయించి లెక్క చూశాను. బొమ్మలన్నీ కాగితం చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. పిల్లలు బయట వేపచెట్టు కింద రెండు వరుసల్లో కూర్చుని ఉన్నారు. అది బస్సట. ముందున్నవాడు పళ్ళెం తిప్పుతూ నోటితో హారను కొడుతున్నాడు. ఒక బుడతడు వేపాకులు తుంచి టిక్కెట్లు ఇస్తున్నాడు. నన్ను చూసి జంకకుండా "ఎక్కడికండీ?" అన్నాడు. నేను మా ఊరి పేరు చెప్పాను. రెండు ఆకులు ఇచ్చాడు, దూరం ఎక్కువని కాబోలు.

చెట్టు మొదట్లో ఆమె చేసిన తాటాకు చిలకలు, పాతగుడ్డల పిల్లబొమ్మ, డబ్బాలో చింతపిక్కలు ఉన్నాయి. నేను అటు చూడడం గమనించి ఆమె దగ్గరకు వచ్చింది.

"ఇవి కూడా రిజిస్టర్లో ఎక్కించమంటారా సార్?"

భయంతో అడిగిందో, ఎత్తిపొడిచిందో నాకు ఈనాటికీ తెలియదు. అక్కరలేదమ్మా అని చెప్పి జీపు ఎక్కాను. అప్పటికి రెండు వాయిదాలు వసూలయ్యాయి. మూడవది ఆ నెల బిల్లులో ఉన్నది. దాన్ని ఆపమని నేను నోటు పెట్టలేదు.