ఇంజన్ కడుపులో పొగమంచు

దివిసీమలో కాలువ నీరెక్కని మెరక పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్‌ని చూసినవారికి, దాని అడుగున నూనె ఉండే పెట్టె తెలిసే ఉంటుంది. అదే క్రాంక్ కేస్. పెద్ద ఓడ ఇంజన్‌లో ఆ పెట్టెలోకి మనిషి దూరి పని చేసుకోవచ్చు. ఇంజన్ నడుస్తుంటే లోపల నూనె చినుకులు ఎగిరిపడుతూనే ఉంటాయి. అవి లావుపాటి చినుకులు, వాటికి ఓ పట్టాన నిప్పంటుకోదు. అడపాదడపా ఎక్కడో ఓ క్రాంక్ కేస్ పేలినా, దాన్ని ఆ ఇంజన్ తలరాత అనుకునేవారు.

1947 సెప్టెంబర్ 11న ఆ ధీమా చెదిరిపోయింది. యుద్ధంలో సైనికుల్ని మోసిన ‘రెయినా డెల్ పసిఫికో’ అనే ఓడ బెల్‌ఫాస్ట్‌లో మరమ్మతులు ముగించుకుని, పరీక్ష కోసం సముద్రంలోకి వెళ్లింది. ఉన్నట్టుండి ఒక ఇంజన్ పేలింది. ఆ మంట మిగతావాటికీ పాకి, నాలుగు ఇంజన్లూ పేలిపోయాయి. 28 మంది ప్రాణాలు పోయాయి.

విచారణలో ఓ పిస్టన్ విపరీతంగా వేడెక్కిందని తేలింది. అయితే పిస్టన్లు వేడెక్కడం కొత్తేమీ కాదు. మరి ఇంత విస్ఫోటం ఎలా జరిగింది? ఆ వేడి లోహం మీద పడ్డ నూనె ఆవిరైపోతుంది. కాస్త చల్లటి గాలి తగలగానే ఆ ఆవిరి తెల్లటి మంచుగా మారుతుంది. చలికాలం పొద్దున్నే కృష్ణ మీద లేచే పొగమంచు పుట్టేదీ ఇలాగే. చినుకుకు అంటుకోని నిప్పు ఈ మంచుకు మాత్రం ఇట్టే అంటుకుంటుంది.

అప్పటిదాకా ఇంజనీర్లు ఎక్కువగా నమ్ముకున్న పరీక్ష, క్రాంక్ కేస్ తలుపు మీద అరచెయ్యి ఆనించి చూడటం. చేతికి వేడి తగిలేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయి ఉండొచ్చు. పేలుడు ఒత్తిడికి తెరుచుకునే తలుపులు పెట్టి చూశారు. వాటిలోంచి మంట మనుషుల మీదికే వచ్చేది. అవి ఊడిపోతే బయటి గాలి లోపలికి దూసుకెళ్లి రెండో పేలుడు జరిగేది, అది మొదటిదానికన్నా ఘోరం. గనుల్లో దీపం మంట బయటికి పాకకుండా డేవీ అనే శాస్త్రవేత్త 1815లో చుట్టిన తీగ జాలీయే ఇక్కడా దారి చూపింది. వింతేమిటంటే, పొడి జాలీ కన్నా నూనెలో తడిసిన జాలీయే మంటను బాగా ఆపుతుందని పరీక్షల్లో తేలింది.

ఇదంతా పేలిన తర్వాతి సంగతి. ముందే పసిగట్టాలంటే ఆ మంచునే కనిపెట్టాలి. కాంతికి అది అడ్డొస్తుంది కాబట్టి ఒక దీపం, ఫోటో సెల్ చాలుననిపించింది. కానీ నడిచే ఇంజన్‌లో మామూలుగానే కొంత మంచు ఉంటుందే! ఎంతైతే ప్రమాదం? ఇక్కడే అసలు తెలివి పనిచేసింది: పోల్చి చూడటం. ఒక గొట్టంలోకి క్రాంక్ కేస్‌లోని ఒక్కో గది గాలిని వంతులవారీగా లాగుతారు, పక్క గొట్టంలో మిగతా గదులన్నిటి గాలీ కలిసి ఉంటుంది. పక్కదానికన్నా మొదటి గొట్టంలో వెలుతురు తగ్గిందంటే గంట మోగుతుంది. బ్రిటన్‌లోని గ్రేవినర్ కంపెనీ పరికరం ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. లీటరు గాలిలో మంచు సుమారు 50 మిల్లీగ్రాములు చేరితే పేలే స్థితి వస్తుంది. అందులో 20వ వంతు దగ్గరే హెచ్చరిక మోగేలా అమర్చడం రివాజైంది.

ఆ పరికరానికి శత్రువు మళ్లీ నూనే. అద్దాలకు జిడ్డు పడితే ఉత్తుత్తి గంటలు కొడుతుంది. గొట్టం ఎక్కడైనా కిందికి వంగితే అక్కడ నూనె నిలిచి, గాలి ఆడదు. గాలిని లాగే ఫ్యాన్ ఆగితే అసలేమీ తెలియదు. ఉత్తుత్తి గంటలకు విసిగి దాన్ని ఆపేసే ఇంజనీరు, నా దృష్టిలో, పాడైన పరికరం కన్నా ప్రమాదకరం.

ఇప్పుడు సిబ్బంది నిరంతరం కాపలా లేని ఇంజన్ గదుల్లో, 2250 కిలోవాట్లు, ఆపైన శక్తి ఉన్న ఇంజన్లకు ఈ పరికరమో, బేరింగుల వేడిని కనిపెట్టే ఏర్పాటో ఉండి తీరాలని అంతర్జాతీయ నిబంధన. బందరు నుంచో, బెజవాడ నుంచో మర్చంట్ నేవీకి వెళ్లే కుర్రాళ్లకు ఒక్క మాట: అద్దాలు తుడవడం చిన్న పనని వదిలేయకండి. గంట మోగితే ఇంజన్ వేగం తగ్గించి, ఆపండి. ఆపాక కనీసం 20 నిమిషాలు క్రాంక్ కేస్ తలుపు తెరవొద్దు, దాని దగ్గర నిలబడనూ వద్దు.