పొయ్యికీ ఊపిరి కావాలి

బాలింత గదిలో కుంపటి పెట్టడం మనకు కొత్త కాదు. బొగ్గులు రాజేసి, సాంబ్రాణి వేసి, పసిబిడ్డకు చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించి, తలుపు సందున గుడ్డలు కూడా దూర్చేవారు. ఆ గదిలో కాసేపు కూర్చుని లేచినవాళ్ళకు తల తిరిగితే దిష్టి అనుకున్నాంగాని కుంపటిని అనుమానించలేదు. పెంకుటిళ్ళు కాబట్టి, పెంకుల సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఎందరినో కాపాడింది. ఇప్పుడు మన పిల్లలు మంచు కురిసే దేశాల్లో కాపురాలు చేస్తున్నారు. పురుళ్ళు పోయడానికి మనం వెళుతున్నాం. అక్కడి ఇళ్ళకు ఆ సందులు లేవు. అందుకే ఈవేళ చలికాచుకునే పొయ్యి చరిత్ర కాస్త చెప్పుకుందాం.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తాను కనిపెట్టిన ఇనుప పొయ్యిని గురించి 1744లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అప్పటిదాకా గోడలో పెద్ద గూడు, అందులో దుంగలు. వేడిలో ఎక్కువ భాగం పొగతోబాటు పైకి పోయేది. మంట లాక్కున్న గాలికి బదులుగా తలుపుల సందుల్లోంచి చల్లగాలి జొరబడేది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు ముఖం మాడుతూంటే వీపు వణికేది! ఫ్రాంక్లిన్ ఏం చేశాడంటే, నేల కింద దారి వేసి గాలిని తెచ్చి, ఇనుప పెట్టెలో వేడెక్కించి గదిలోకి వదిలాడు. భేషైన ఆలోచనే. కాని పొగను ముందు కిందికి దింపి, ఆ తర్వాత గొట్టమెక్కించాలని చూశాడు. పొగకు కిందికి దిగడం చేతకాదు కదా! గొట్టం చల్లబడితే చాలు, తిరిగి గదిలోకే వచ్చేది. గవర్నరు పేటెంటు ఇస్తానన్నా ఆయన వద్దన్నాడు. అది పెద్దమనసే. పొగ సంగతి మాత్రం తర్వాతివాళ్ళు దిద్దుకోవలసివచ్చింది.

పొగ కళ్ళు మండిస్తుంది, దగ్గిస్తుంది, అంటే హెచ్చరిస్తుంది. దానితోబాటు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. రంగు లేదు, వాసన లేదు. మంటకు గాలి చాలనప్పుడు ఎక్కువగా పుడుతుంది. మన నెత్తుటిలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అంతకు రెండువందల రెట్లకు పైగా పట్టుతో ఇది కూర్చుంటుంది. ఫ్రెంచి నవలాకారుడు ఎమిలీ జోలాను బలిగొన్నది ఇదే. 1902 సెప్టెంబరు చివర భార్యతో కలిసి పారిస్ ఇంటికి తిరిగివచ్చాడు. చలిగా ఉందని పడకగదిలో నిప్పు వేయించి, కిటికీలు మూయించి పడుకున్నారు. పొగగొట్టం సరిగా లాగలేదు. తెల్లవారేసరికి ఆయన నేలమీద పడి ఉన్నాడు. భార్య బతికింది. ఎవరో పగబట్టి గొట్టం మూసేశారన్న కథనం 1953లో ఒక పత్రికలో వచ్చింది. పగో, పొరపాటో, ఆ ఇల్లాలికి మాత్రం జరగవలసింది జరిగిపోయింది.

తర్వాత 1973లో చమురు సంక్షోభం వచ్చింది. ధరలకు హడలిపోయి అమెరికావాళ్ళు ఇళ్ళ సందులన్నీ పూడ్చి కట్టెపొయ్యిలు మళ్ళీ తెచ్చుకున్నారు. ఇక్కడే చిక్కు. వంటింట్లో పొగలాగే ఫ్యాను వేస్తే అది గాలికోసం వెతుక్కుని పొయ్యి గొట్టంలోంచే లాగుతుంది. పైకి పోవలసిన పొగ వెనక్కు వస్తుంది. అత్తగారు హాల్లో చలికాచుకుంటూంటే కోడలు వంటింట్లో ఫ్యాను వేసిందనుకోండి, తప్పు కోడలిది కాదు, ఆ ఇంటికి గాలిదారి పెట్టనివాళ్ళది. ఇలాంటి ఇళ్ళలో పొయ్యికి గోడలోంచి వేరే గొట్టం వేసి బయటి గాలిని సరాసరి అందించాలి. ఆ గొట్టం నోరూ, పొగ వదిలే నోరూ పక్కపక్కన ఉండకూడదు. వదిలిన పొగనే మళ్ళీ పీల్చుకుంటుంది.

1980ల తొలినాళ్ళలో వచ్చిన పెల్లెట్ పొయ్యిలో కట్టెలుండవు. రంపపుపొట్టును గట్టిగా అదిమి చేసిన గుళికలుంటాయి. గుళికల్ని మంటలోకి తోసేది మోటారు, పొగను బయటికి నెట్టేది ఫ్యాను. అంటే నిప్పు ఊపిరి కరెంటు చేతిలో ఉందన్నమాట. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, గుళికలు మాత్రం ఇంకా రగులుతూనే ఉంటాయి, పొగ గదిలోకి రావచ్చు. అందుకే బ్యాటరీ ఆసరా ఉంచుకోవడం మంచిది. ప్లగ్గు ఎర్తు ఉన్న మూడుకాళ్ళ సాకెట్టులోనే పెట్టాలి. పొడుగు తీగలు అతికించకూడదు. తీగ వేడి ఇనుముకు తగలకూడదు, తివాచీ కిందనుంచి పోకూడదు. కొత్త తీగలు లాగవలసివస్తే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్నే పిలవండి, అల్లుడుగారు ఎంత చదువుకున్న ఇంజనీరైనా సరే!

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకు రోజుల తరబడి కరెంటు పోయింది. మనవాళ్ళు వేలమంది ఉన్న రాష్ట్రమది. చలికి తాళలేక కొందరు ఇంట్లోనే బొగ్గులు రాజేశారు, కొందరు గ్యారేజీలో కారు నడిపి వేడి చూసుకున్నారు. పదిమందికి పైగా కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయారు. జనరేటరుదీ ఇదే గుణం, దాన్ని ఇంటికి దూరంగా ఆరుబయటే నడపాలి.

ఈసారి అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఊరగాయ జాడీలు సర్దడం అయ్యాక, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ గంట ఉందా, దాని బ్యాటరీ పనిచేస్తోందా అని అడగండి. మంచు పడిన ఉదయం ఇంటి వెనక్కు ఎవరినైనా పంపి, గాలిగొట్టం నోటికి, పొగగొట్టం నోటికి అడ్డంగా మంచు పేరుకుంటే చీపురుతో తీయించండి.