తోపు, తోట, పార్కు

'పార్కు' అనే మాటను మన పత్రికలవారు 'ఉద్యానవనం' అని తెలుగు చేశారు. తెలుగు చేశారంటే సంస్కృతం చేశారని అర్థం. అది అట్లా ఉంచి, కావ్యాలు చదువుకున్నవాడికి ఈ అనువాదం కొంచెం చిక్కు తెచ్చిపెడుతుంది. ప్రబంధంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనల్లో ఉద్యానం ఒకటి, సలిలక్రీడ మరొకటి. నాయిక చెలికత్తెలతో వచ్చి పూలు కోస్తుంది, రాజు విరహంతో పొదరిల్లు చేరతాడు. ఆ మొక్కలకు కడవతో నీళ్లు మోసినవాడికి మాత్రం పద్యంలో చోటు దొరకదు. ఉద్యానం గోడ ఉన్న తోట. పార్కు అన్నమాటకు ఈనాడు మనం చెప్పుకునే అర్థం, కనీసం చెప్పుకోవలసిన అర్థం, ఊరందరిదీ అయిన నీడ.

వేసవి సెలవుల్లో ఒక పూట విహారానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో మంచి పార్కులెక్కడున్నవని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. ఇది తేలిక ప్రశ్న కాదు. దీనికి జవాబు చెప్పాలంటే ఈ నేల చరిత్ర కొంత చెప్పాలి.

ఊరివాళ్ల నోట ఉన్న మాట తోపు. మామిడితోపు, చింతతోపు, తాటితోపు. రెవెన్యూ రికార్డులలో 'తోపు పోరంబోకు' అని దానికొక తరగతే ఉన్నది. తోపు వేయించటం పుణ్యకార్యమని పూర్వులు నమ్మారు. చెరువు, నిధి, అగ్రహారం, గుడి, వనం, కృతి, కొడుకు అనే సప్తసంతానాల్లో వనాన్ని చేర్చారు. అంతకు చాలా ముందే అశోకుడు మనుషులకూ పశువులకూ నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించాననీ, మామిడితోపులు వేయించాననీ శాసనాలలో చెప్పుకున్నాడు. కాని పూర్వం అంతా అందరిదేనని మురిసిపోవటం చరిత్ర కాదు. చెరువు సర్వజనోపకారమని శాసనం మీద చెక్కించిన ఊళ్లోనే ఆ నీళ్లు ముట్టగూడని జనం కూడా ఉన్నారు. చెరువుకు వర్తించిన నియమం చెట్టునీడకు వర్తించలేదని అనుకోలేం.

పోతే, డెల్టా సంగతి. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తరువాత రెండు దశాబ్దాలకు గాని బెజవాడ ఆనకట్ట పని సాగలేదు. 1855 నాటికి అది పూర్తయింది. కృష్ణ నీళ్లు కాలవల్లో పడి తెనాలి, రేపల్లె నల్లరేగడి మాగాణి అయింది. ఆకలి తగ్గింది, అందులో సందేహం లేదు. ఐతే నీరు పారే ఎకరానికి విలువ వచ్చినప్పుడు, ఆ ఎకరంలో నీడనిచ్చే చెట్టు నష్టం కింద లెక్కకు వస్తుంది. వరిచేలో చెట్టును రైతు సహించడు. డెల్టాలో చెట్టు కాలవగట్టు మీదికీ, ఇంటి దొడ్డిలోకీ, చెరువుకట్ట మీదికీ జరిగింది. వరి కోసిన తరువాత వేసే మినుమూ పెసరా కూడా మార్చికల్లా ఇంటికి చేరతాయి. ఆపైన కాలవలు కట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చదనానికి పేరుపడ్డ ఈ సీమ నెర్రెలిచ్చిన బయలు. తెనాలి మూడు కాలవల ఊరని, ఆంధ్రా ప్యారిస్ అని గొప్ప చెప్పుకునేవారు వేసవిలో ఆ కాలవల అడుగు కూడా చూడవలసి ఉంటుంది.

బాపట్ల వైపు నేల వేరు. ఒకప్పటి సముద్రపు ఒడ్డులు ఒకదాని వెనుక ఒకటిగా ఇసుక మెరకలై మిగిలిన ప్రదేశం అది. వరికి లొంగని ఆ ఇసుకలోనే తాడి, జీడిమామిడి, సరుగుడు నిలిచినవి. మాగాణికి పనికిరాకపోవటం వల్ల నీడ మిగిలిందన్నమాట.

మన సంప్రదాయంలో వనభోజనం వేసవిది కాదని కూడా గమనించాలి. అది కార్తీకంలో, ఉసిరిచెట్టు కింద జరిగేది. వానలు వెనకబట్టి, చేను పొట్ట మీద ఉండి, కోతలకు ఇంకా వ్యవధి ఉన్న రోజులవి. వేసవి విహారం బడికీ, కోర్టుకీ సెలవులిచ్చిన కాలం తెచ్చింది, దానికి రైలు తోడయింది. బెజవాడ-మద్రాసు మార్గం 1899లో కలిసింది, తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు వచ్చింది. మొదటి ఆంధ్ర మహాసభ 1913 మే నెలలో బాపట్లలో జరిగిందంటే, అంత ఎండలో ఎందుకు పెట్టారని ఆశ్చర్యపడనక్కరలేదు. ప్లీడర్లకూ, ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ తీరిక దొరికేది అప్పుడే.

ఆ పక్కనే 1921లో మరొక వేసవి. చీరాల-పేరాల గ్రామాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన సుమారు 13,000 మంది ఇళ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. రామనగరమనే ఆ పేటలో దాదాపు 11 నెలలు ఉన్నారు. మునిసిపాలిటీ అంటే దీపాలూ, రోడ్లూ, పార్కులూ ఇచ్చే ధర్మసత్రమని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. నేతగాడికి అది ముందుగా పన్ను రూపంలో కనిపించింది. ఎవరి పన్నుతో ఎవరి వీధికి నీడ వస్తుందన్న ప్రశ్న ఆనాడే పుట్టింది, ఈనాటికీ తీరలేదు.

పార్కు అనే సంస్థ ఇంగ్లండులో పుట్టిన తీరూ ఇటువంటిదే. ఫాక్టరీ పొగలో కూలిజనం కుళ్లిపోతుంటే, అంటురోగాలు ధనికుల వాడలకూ పాకుతుంటే 1840లలో పార్కులు వచ్చినవి. లండను తూర్పు పేటల విక్టోరియా పార్కు కావాలని వేలమంది అర్జీ పెట్టుకున్నారు. ఆ పార్కులోనే 1848లో చార్టిస్టులు సభలకు చేరారు. 1866లో ఓటుహక్కు సభకు హైడ్ పార్కు గేట్లు మూసివేస్తే జనం ఇనుపకమ్ముల కంచె పడదోసి లోపలికి వెళ్లారు. నడకకని ఇచ్చిన చోటు సభకు కూడా ఉపయోగపడుతుందని పాలకులకు తెలియక కాదు. కంచె అందుకే వేశారు.

మన రాజధానిగా ఉన్నప్పటి చెన్నపట్నంలో ట్రెవెల్యన్ గవర్నరుగిరీ కాలాన, 1859లో, పీపుల్స్ పార్కు పెట్టారు. పేరుకు ప్రజలది. తరువాత మూర్ మార్కెట్టు, విక్టోరియా హాలు, రిప్పన్ భవనం, స్టేడియం ఒక్కొక్కటే అందులో లేచినవి. ప్రజల ఆస్తిని ప్రజాహితం పేరనే తినివేయవచ్చుననటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

తెనాలి 1909లో మునిసిపాలిటీ అయింది. ఆ ఊళ్లో జనం తమ రక్తంతో సంపాదించుకున్న బహిరంగ స్థలం ఒకటున్నది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరపగా ఏడుగురు మరణించారు. అక్కడే రణరంగ చౌక్‌లో ఏడు స్తంభాలు నిలిచి ఉన్నవి. నీడ లేదు, బల్ల లేదు. ఐనా నా దృష్టిలో ఈ ప్రాంతపు మొదటి ప్రజాస్థలం అదే.

స్వాతంత్ర్యం తరువాత చరిత్ర మరీ చేదు. తెనాలికి దగ్గరలోని చుండూరులో తగాదాకు బీజం సినిమాహాలులో పడింది. దళిత యువకుని కాలు తగిలిందని పెత్తందారీ కులాలవారు రెచ్చిపోయారు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపి తుంగభద్ర డ్రెయినులోనూ కాలవల్లోనూ పడవేశారు. బతికినవాళ్లు తెనాలి చేరారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. అంతకు ముందు 1985లో కారంచేడులో రగిలింది మంచినీటి చెరువు దగ్గర. టిక్కెట్టు కొనుక్కున్న హాలులో, ఊరుమ్మడి చెరువుగట్టున ఎవరు ఎంత స్వేచ్ఛగా నిలబడవచ్చునన్నది ఇక్కడ ప్రాణాలు తీసే ప్రశ్న. దాన్ని దాటవేసి పార్కుల జాబితా ఇవ్వటం నావల్ల కాదు.

అదే 1991లో, బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వటం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గరా లేఅవుట్లలో నూటికి 10 వంతులు ఖాళీ స్థలం వదలాలని నియమమున్నది. చాలా చోట్ల ఆ పదో వంతు ఊరి చివరి పల్లంలో, ముళ్లకంపలో ఉంటుంది. ఇక కార్తీకం వస్తే గోడల మీద వనసమారాధన పిలుపులు కనబడతాయి, ఒక్కొక్క కులానికి ఒక్కొక్క తోట! ఉసిరిచెట్టుకు కులం అంటగట్టిన ఘనత మన తరానిదే. సహపంక్తి భోజనాల కోసం సంస్కర్తలు వెలి వేయించుకున్న జిల్లాల్లో, ఇంజనీర్లూ డాక్టర్లూ లెక్చరర్లూ కూడా ఈ పంక్తులలో కూర్చోవటం చూస్తే సిగ్గు కలుగుతుంది.

విద్యార్థులకు జవాబు బాకీ ఉన్నాను. తెనాలిలో ఐతే చినరావూరు పార్కుకు సాయంత్రం వెళ్లండి. రేపల్లెవారికి పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున్నది, ఉదయం చల్లదనం పోకముందే వెళ్లిరావాలి. బాపట్లనుంచి సుమారు 9 కిలోమీటర్లలో సూర్యలంక. తీరం వెంట సరుగుడు తోటలున్నవి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత గాలికి అడ్డుగా ఇటువంటి తోటల విలువ కోస్తా అంతటా తెలిసివచ్చింది. వాటి కింద కూర్చుని తినండి, గాజుసీసాలు ఇసుకలో పాతిపెట్టకండి. ఈత రానివారు లోతుకు దిగవద్దు.

అక్కడినుంచి తూర్పుగా నిజాంపట్నం రేవు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ వచ్చి ఆగిన పెటపోలి అదే. మీరు వెళ్లే రోజుల్లో మరపడవలన్నీ రేవులోనే కట్టివేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఫొటోలకు బాగుంటాయి. పడవల నీడలో వలలు బాగుచేసుకుంటూ కనబడేవారిని పలకరించండి, ఆ రెండు నెలలూ ఇల్లెట్లా గడుస్తుందో వాళ్లే చెబుతారు.