మలి వయసులో అదనపు ఆదాయం: దారులు, నిబంధనలు, జాగ్రత్తలు

పదవీ విరమణ సభలో కప్పిన శాలువా బీరువాలోకి చేరక ముందే చాలా ఇళ్లలో లెక్కల పుస్తకం తెరుచుకుంటుంది. 2004కు ముందు కేంద్ర ప్రభుత్వ సర్వీసులో చేరిన ఒక ఉద్యోగి చివరి మూల వేతనం 50,000 రూపాయలు అనుకుందాం. నిబంధనల ప్రకారం పింఛను అందులో సగం, అంటే 25,000 రూపాయలు. దానిలో 40 శాతాన్ని కమ్యుటేషన్ కింద ఒకేసారి తీసుకుంటే, ఆ తరువాత 15 ఏళ్లపాటు నెలనెలా అందే మూల పింఛను 15,000 రూపాయలకు తగ్గుతుంది. పూర్తి పింఛను మీద లెక్కగట్టే కరవు సహాయం దీనికి కలుస్తుంది. ఇంటి ఖర్చు మాత్రం ఇదే పాళ్లలో తగ్గదు. మందుల ఖర్చు అయితే పెరుగుతుంది.

నిజానికి ఇది అదృష్టవంతుల లెక్క. ప్రైవేటు రంగ కార్మికులకు వర్తించే ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛనును 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద 60 నుంచి 79 ఏళ్ల నిరుపేదలకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు, 80 ఏళ్లు నిండిన వారికి 500 రూపాయలు. దీనికి రాష్ట్రాలు తమ వంతు జోడిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులైలో 4,000 రూపాయలకు పెరిగింది. తెలంగాణలో ఆసరా పింఛనును 2019లో 2,016 రూపాయలు చేశారు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 60 ఏళ్లు దాటిన వారు 10 కోట్ల 38 లక్షల మంది. 2050 నాటికి ఈ సంఖ్య 34 కోట్లు దాటుతుందని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి అంచనా. వీరిలో ఎందరికో అదనపు ఆదాయం సరదా వ్యాపకం కాదు, మందుల దుకాణంలో పద్దు తీర్చే మార్గం.

అయితే ఈ వయసులో సంపాదనకు ఒక హద్దు గీసుకోవాలి. ముప్పై అయిదేళ్ల వయసులో వ్యాపారంలో దెబ్బతిన్నవారికి కోలుకోవడానికి పాతికేళ్లు ఉంటాయి. అరవై అయిదేళ్లవారికి ఆ వ్యవధి లేదు. అందువల్ల అనుభవాన్ని, సమయాన్ని వెచ్చించి సంపాదించే పనులను ఎంచుకోవడం మేలు. గ్రాట్యుటీ, భవిష్య నిధి సొమ్మును పెట్టుబడిగా అడిగే పనులకు, అవి ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, దూరంగా ఉండడం శ్రేయస్కరం.

చేతిలో ఉన్న సొమ్ము

కొత్త పని వెతుక్కునే ముందు, ఉన్న డబ్బు తగినంత రాబడి తెస్తున్నదో లేదో చూడాలి. పొదుపు ఖాతాలో లక్షలు నిలవ ఉంచి, ట్యూషన్ల కోసం తిరిగే పెద్దలు లేకపోలేదు. తపాలా కార్యాలయాలు, బ్యాంకులు నిర్వహించే సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో గరిష్ఠ పరిమితిని 2023 ఏప్రిల్‌లో 15 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచారు. వడ్డీ రేటును కేంద్రం మూడు నెలలకొకసారి సమీక్షిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి 2025 చివరి వరకు అది 8.2 శాతంగా కొనసాగింది. ఖాతా తెరిచిన నాటి రేటే అయిదేళ్ల గడువంతా వర్తిస్తుంది. ఈ రేటున 30 లక్షల మీద ప్రతి మూడు నెలలకు 61,500 రూపాయలు అందుతాయి. భార్యాభర్తలు ఇద్దరూ అర్హులైతే చెరొక ఖాతా తెరవవచ్చు. తీసుకోకుండా వదిలేసిన వడ్డీ మీద మళ్లీ వడ్డీ రాదన్న సంగతి చాలామందికి తెలియదు.

60 ఏళ్లు నిండకుండానే విరమణ పొందిన 55 ఏళ్లు దాటినవారు కూడా ఈ పథకంలో చేరవచ్చు. విరమణ ప్రయోజనాలు అందిన మూడు నెలల్లోగా సొమ్ము జమ చేయాలన్నది షరతు. నెలనెలా రాబడి కావాలనుకునేవారికి తపాలా శాఖ నెలసరి ఆదాయ పథకం ఉంది. అందులో ఒక్కరి పేరిట 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షల వరకు దాచుకోవచ్చు. 7.4 శాతం రేటున 9 లక్షల మీద నెలకు 5,550 రూపాయలు వస్తాయి.

సొంత ఇల్లు

మేడ మీది పోర్షన్ అద్దెకివ్వడం తెలుగు పట్టణాల్లో పాత అలవాటే. అద్దె ఆదాయంలో పురపాలక పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతాన్ని మరమ్మతుల నిమిత్తం మినహాయించి, ఆ మిగతా దానినే ఆదాయపు పన్నుకు లెక్కిస్తారు. ఒంటరిగా ఉండే పెద్దలు అద్దెదారు ఆధారాలను పోలీసుల ద్వారా సరిచూసుకోవడం అవసరం.

అద్దెకిచ్చేటంత చోటు లేనివారికి 2007లో మొదలైన రివర్స్ మార్టుగేజ్ ఒక మార్గం. 60 ఏళ్లు దాటిన యజమాని తన నివాస గృహాన్ని బ్యాంకుకు తనఖా పెడితే, బ్యాంకే ఆయనకు నిర్ణీత కాలంపాటు విడతలుగా డబ్బు చెల్లిస్తుంది. ఆయన, ఆయన భార్య జీవించి ఉన్నంతకాలం అదే ఇంట్లో ఉండవచ్చు. ఆ తరువాత వారసులు బాకీ తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చు, లేదా బ్యాంకు దానిని విక్రయించి తన బాకీ పోగా మిగిలినది వారసులకు ఇస్తుంది. ఈ విడతలను ఆదాయంగా పరిగణించి పన్ను వేయరు. ఇన్ని వెసులుబాట్లున్నా ఈ పథకానికి ఆదరణ అంతంతమాత్రమే. ఇల్లు పిల్లలకే దక్కాలన్న భావన మనలో బలంగా ఉంది. ఆ భావనతోనే బతికుండగానే ఇంటిని పిల్లల పేరిట రాసివ్వదలచినవారు, తమను పోషించాలన్న షరతును దస్తావేజులో తప్పక రాయించాలి. అలా రాయించుకుంటే, పోషణ కరవైనప్పుడు ఆ బదిలీని రద్దు చేయాలని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రైబ్యునల్‌ను కోరవచ్చు.

నేర్చిన విద్య

విరమణ పొందిన ఉపాధ్యాయులకు ట్యూషన్లు సహజమైన మార్గం. కానీ గణితం, భౌతిక శాస్త్రం మాత్రమే గిరాకీ ఉన్న విద్యలని అనుకోనవసరం లేదు. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు భాష, పద్యాలు, కర్ణాటక సంగీతం నేర్పే గురువుల కోసం అక్కడి తల్లిదండ్రులు వెతుకుతూ ఉంటారు. కాలిఫోర్నియాలో సాయంత్రం 7 గంటలైతే మనకు వేసవిలో మరుసటి రోజు ఉదయం 7.30, చలికాలంలో 8.30. వేకువనే లేచి కాఫీ ముగించుకున్న పెద్దలకు ఇంతకంటే అనువైన వేళ ఏముంటుంది? వీడియో పాఠానికి కావలసినవి ఒక ఫోను, అది కదలకుండా నిలబెట్టే స్టాండు, నిలకడగల ఇంటర్నెట్. తబలా, మృదంగం వంటి వాద్యాలకు శబ్దం స్పష్టంగా అందాలి కనుక విడి మైకు ఉంటే మంచిది. రుసుమును నెల మొదట్లోనే, బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. పరిచయస్తుల పిల్లలని మొహమాటపడి మూడు నెలలు ఉచితంగా చెప్పి, ఆ తరువాత రుసుము అడగలేక మానేసేవారు ఎక్కువ.

లెక్కలు రాయడం వచ్చినవారికి చిన్న దుకాణాలు, అపార్టుమెంటు సంఘాల ఖాతాలు. న్యాయస్థానాల్లో, రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి పాత దస్తావేజులు చదివిపెట్టే పని. భాషా పండితులకు అచ్చుతప్పులు దిద్దడం, అనువాదం అందుబాటులో ఉంటాయి. రిజర్వు బ్యాంకు 2006లో అనుమతించిన బిజినెస్ కరస్పాండెంట్ విధానంలో విరమణ పొందిన బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు, మాజీ సైనికులు కూడా వ్యక్తిగతంగా పనిచేయవచ్చు. బ్యాంకు శాఖ లేని ఊళ్లో నగదు చెల్లింపులు, జమలు చూసే ఈ పనిలో కమిషన్ తక్కువ. అయినా నలుగురూ నమ్మే మనిషికే పని ముందుకు సాగుతుంది. అది పెద్దవారికి కలిసివచ్చే అంశం.

మహిళలకు జీవిత బీమా సంస్థ 2024 డిసెంబరులో బీమా సఖి పథకాన్ని ప్రారంభించింది. పదో తరగతి ఉత్తీర్ణులై, 70 ఏళ్లు మించని మహిళలు చేరవచ్చు. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల వరకు భృతి లభిస్తుంది. ఇది జీతం కాదు. నిర్దేశించిన సంఖ్యలో పాలసీలు చేయించాలి. తొలి పాలసీలు బంధువులవే అయి, ఆ తరువాత ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయే ప్రమాదం ఉన్నందున, తమ పరిచయాల పరిధిని ముందే అంచనా వేసుకోవాలి.

ఇక వంటింటి విషయం. వేసవి రాగానే ఆవకాయ పట్టి ఇవ్వమని అడిగేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. బజారులో ముక్క కొట్టించినందుకు ఇచ్చే కూలి, కారం, ఆవపిండి, నూనె, జాడీలు, పార్సిలు ఖర్చు కలిపి ధర కట్టేవారు కూడా తమ శ్రమకు వెల కట్టడం మరచిపోతారు. అది కలపని ధర లాభం చూపదు, నడుము నొప్పినే మిగులుస్తుంది. ముందుగా సగం సొమ్ము తీసుకుని, వచ్చిన ఆర్డర్ల మేరకే సరుకు కొనాలి. ఇంట్లో తయారైనదైనా సరే, ఆహార పదార్థాలు అమ్మేవారికి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. సూక్ష్మ పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దానికి రుసుము అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ 2021 అక్టోబరు 1న పునరుద్యోగం కోరే పెద్దల కోసం సేక్రెడ్ పేరిట ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. 60 ఏళ్లు నిండినవారు తమ చదువు, అనుభవం, నైపుణ్యాలను నమోదు చేసుకోవచ్చు. నమోదు ఉద్యోగ హామీ కాదు. పాత సహోద్యోగులకు, పూర్వ విద్యార్థులకు ఒక్క ఫోను చేయడమే తరచుగా ఎక్కువ ఫలితమిస్తుంది.

పల్లెల్లో

గ్రామాల్లో పరిస్థితి వేరు. 2017–18లో జరిగిన లాసీ జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో మూడో వంతుకు పైగా ఏదో ఒక పని చేస్తూనే ఉన్నారు. మేకలు కాసే డెబ్బై ఏళ్ల తాతను చూసి ఆయన చురుకుదనాన్ని మెచ్చుకోవడం తేలిక. ఆయన ఎండలో ఎందుకు తిరగవలసి వస్తున్నదో ఆలోచించడం అవసరం. పెరటి కోళ్లు, విస్తర్ల కుట్టు, ఇంటి ముందు చిన్న కిరాణా వంటివి ఒంటికి తట్టుకోగల పనులు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో స్వయం సహాయక సంఘాలు సాధారణంగా మహిళలవే అయినా, వృద్ధులు, దివ్యాంగుల సంఘాల్లో పురుషులకూ అవకాశం ఉంది. మండల సమాఖ్య కార్యాలయంలో వివరాలు తెలుసుకోవచ్చు.

నిబంధనల్లో మెలికలు

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్–ఎ అధికారిగా విరమణ పొందినవారు, ఏడాదిలోగా ప్రైవేటు ఉద్యోగంలో చేరదలిస్తే ముందస్తు అనుమతి తీసుకోవాలి. పింఛనుదారు తిరిగి ప్రభుత్వ కొలువులో చేరితే ఆ కాలానికి కరవు సహాయం నిలిచిపోవచ్చు. సంతకం చేసే ముందే పింఛను మంజూరు చేసిన కార్యాలయాన్ని సంప్రదించాలి.

ఆదాయపు పన్ను విషయంలో 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వరకు సాధారణ ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు. పాత విధానంలో 60 ఏళ్లు నిండినవారికి 3 లక్షలు, 80 నిండినవారికి 5 లక్షల వరకు పన్ను లేదు. అసలు మెలిక మరొకచోట ఉంది. వ్యాపార, వృత్తి ఆదాయం లేని 60 ఏళ్లు దాటినవారికి ముందస్తు పన్ను నుంచి మినహాయింపు ఉంది. ట్యూషనో, పచ్చళ్ల వ్యాపారమో మొదలుపెడితే ఆ మినహాయింపు పోతుంది. ఏడాది పన్ను 10,000 రూపాయలు, ఆపైన ఉంటే వాయిదాల్లో ముందే కట్టాలి. అలాగే 75 ఏళ్లు నిండి, ఒకే బ్యాంకులో పింఛను, వడ్డీ మాత్రమే పొందేవారికి రిటర్ను దాఖలు నుంచి ఉన్న మినహాయింపు కూడా, ఇతర ఆదాయం తోడైతే వర్తించదు.

పని పేరిట వల

ఇంట్లో కూర్చుని వీడియోలకు లైకు కొడితే డబ్బు, టైపు చేసి పంపితే పుటకు ఇంత అంటూ ఫోనుకు వచ్చే సందేశాలు పెద్దలనే ఎక్కువగా ఆశపెడతాయి. మొదట నూరో రెండు వందలో నిజంగానే జమ చేస్తారు. ఆ తరువాత పెద్ద పని ఇవ్వడానికి ధరావతు అడుగుతారు. జీతం ఇవ్వవలసిన సంస్థ ముందుగా మన దగ్గర డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయాలి. ఇంతకంటే ప్రమాదకరమైనది మీ బ్యాంకు ఖాతాను వాడుకోనిస్తే నెలకు కమిషన్ ఇస్తామనే ప్రతిపాదన. సైబర్ నేరాల సొమ్ము అలాంటి ఖాతాల గుండానే ప్రవహిస్తుంది. పోలీసులు ముందుగా చేరేది ఖాతాదారు ఇంటికే. ఖాతా స్తంభిస్తే అందులో జమ అయ్యే పింఛను కూడా చేతికి రాదు.

మోసపోయినట్లు అనుమానం కలిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. తొలి గంటల్లో ఫిర్యాదు చేస్తే సొమ్మును మధ్యలోనే నిలిపివేసే అవకాశం ఎక్కువ. పిల్లలకు తెలిస్తే కోప్పడతారన్న జంకుతో రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం చేజారుతుంది. పింఛను, పోషణ, న్యాయ సలహాల వంటి ఇతర విషయాలకు వయోవృద్ధుల జాతీయ సహాయ కేంద్రం ఎల్డర్‌లైన్ 14567 నంబరులో ఉదయం 8 నుంచి రాత్రి 8 గంటల వరకు అందుబాటులో ఉంటుంది. ఈ ఫోనుకు చార్జీ లేదు.